వరద వెడలిన పిదప

ఫెంగల్ తుపాను 2024 నవంబరు 30వ తేది రాత్రి పుదుచ్చేరి సమీపమున తీరము దాటినది. తుపానుల బాధ సముద్రతీరవాసులదే గాని తమది కాదని తలంచుచుండిన మెట్టసీమవారికి అది క్రొత్త పాఠము నేర్పినది. డిశంబరు 2వ తేది ఉదయమునకు ముగిసిన 24 గంటలలో కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరై పట్టణమున 50 సెంటీమీటర్ల వర్షము కురిసినది. ఆ జిల్లాలో సంవత్సరము పొడుగునను కురియు సగటు వర్షము 80 సెంటీమీటర్లకు కొంచెము పైమాట. సగము సంవత్సరమునకు మించిన వాన ఒక్క దినముననే కురిసినదన్నమాట. చెరువు పొంగి పొరలి, బస్సులు నిలుచు స్థలము చెంతనున్న వాహనములు గడ్డిపోచలవలె కొట్టుకొనిపోయినవి. ఆ రాత్రియే దిగువను దక్షిణ పినాకినిపైనున్న సాత్తనూరు ఆనకట్టనుండి సెకండునకు సుమారు 1,68,000 ఘనపుటడుగుల నీరు విడువబడగా విళుప్పురము, కడలూరు జిల్లాలలోని గ్రామములు జలమయములైనవి.

వాహనములు తేలిపోవు దృశ్యములను దేశమంతయు చూచి నివ్వెఱపోయినది. రెండు మూడు దినములైన పిదప వాన వెలిసినది, నీరు తీసినది, దేశము చూపు మఱియొకవైపునకు మరలినది. వరదయొక్క రెండవ భాగము సరిగా నప్పుడే ఆరంభమగునని మేము చెప్పదలచినాము. మొదటి భాగము ప్రాణములను ఒక్క రాత్రిలో హరించును; అది యెల్లరకును కనబడును. రెండవ భాగము కుళాయిలోను, బావిలోను, మరుగుదొడ్డిలోను, వీధి మూలనున్న బురదకుప్పలోను దాగియుండి వారములతరబడి పనిచేయును. మొదటిదానికి ప్రకృతి కారణము. రెండవదానికి చాలవఱకు మనుష్యులే కారణము. కావున దానిని గూర్చి విచారించుట పత్రికలకును, పౌరులకును విధి.

ముందుగా నీటి సంగతి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతమున భూగర్భజలములో ఫ్లోరైడు పాలు ఎక్కువ. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు త్రాగునీటిలో ఉండరాదని భారత ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారి పండ్లకు గారయు, ఎముకలకు వంకరయు సంభవించుట ఆ సీమవారికి తెలియని విషయము కాదు. ఆ బాధను మాన్పుటకే జపాను ప్రభుత్వసంస్థ యొక్క ఋణసహాయముతో హొగెనకల్ నీటి పథకము ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు నిర్మింపబడి 2013లో ప్రారంభమైనది. కావేరి నీటిని శుద్ధిచేసి, యంత్రములతో ఎత్తిపోసి, ఎంతో దూరము గొట్టములద్వారా పంపుట యా పథకము యొక్క స్వరూపము. మేలైన పథకమే. కాని ఎత్తిపోతకు విద్యుత్తు కావలెను, గొట్టములకు గట్టియైన నేల కావలెను. వరద ఈ రెంటిని ఒకేమాఱు దెబ్బతీయును. స్తంభములు కూలిన గ్రామమునకు నీరు రాదు. గట్టు కోసుకొనిపోయిన చోట గొట్టము తెగును. అప్పుడు జనులు ఏమి చేయుదురు? విడిచిపెట్టిన పాత గొట్టపుబావులకే మరల పోవుదురు. ఆ నీటిలో ఫ్లోరైడు ఉండనే ఉన్నది. దానికి తోడు వరద తెచ్చిన మురికియు చేరియుండును. ఒక రోగమును తప్పించుకొనుటకు కట్టుకొన్న యేర్పాటు తెగినప్పుడు ప్రజలు రెండు రోగముల నడుమ నిలుచుచున్నారు.

విద్యుత్తు వచ్చి, కుళాయిలో నీరు పడినంతమాత్రమున ఆపద తీరినదని అధికారులు ప్రకటించుట వాడుక. అది తొందరపాటు. మన పట్టణములలో నీరు ఇరువదినాలుగు గంటలును గొట్టములలో నిండియుండదు; గంటో, రెండు గంటలో విడిచి కట్టివేయుదురు. నీరు లేని వేళ గొట్టములో ఒత్తిడి తగ్గి, పగుళ్లద్వారా చుట్టునున్న మురుగు లోనికి చొచ్చును. వరదకాలమున ఆ గొట్టముల చుట్టునున్న నేలయే మురుగుతో నానియుండును. కావున మరల విడిచిన తొలినీరు అన్నిటికంటె అపాయకరమైనది. ఆ నీటిని వృథాగా పోనిచ్చి, గొట్టములను కడిగి, క్లోరిను కలిపి, పరీక్షించిన పిదపనే త్రాగవచ్చునని చెప్పవలెను.

బావులలో బ్లీచింగు పొడి చల్లుటయు ఇట్టిదే. నిర్మలమైన నీటికి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి పొడి చాలునని ఆరోగ్యశాస్త్ర గ్రంథములు చెప్పును. వరదనీరు చొచ్చిన బావికి ఆ లెక్క చాలదు. బురదయు, కుళ్లిన పదార్థములును క్లోరినును తామే హరించును. మూత సరిగా లేని సంచిలో నిలువయున్న పొడియైతే దాని సత్తువ ముందే పోయియుండును. ఎంత పొడి చల్లినారన్నది లెక్క కాదు. గంట గడచిన తరువాత నీటిలో ఎంత క్లోరిను మిగిలినదన్నదే లెక్క. లీటరునకు 0.2 మిల్లీగ్రామునకు తగ్గకుండ ఉండవలెనని, అంటురోగముల భయమున్నప్పుడు 0.5 వఱకు ఉండవలెనని ప్రమాణము. ఈ పరీక్షకు గొప్ప ప్రయోగశాల అక్కఱలేదు. చిన్న సీసాయు, ఒక చుక్కమందును, రంగులు పోల్చి చూచుటకు ఒక పట్టికయు చాలును. పాఠశాలలోని పిల్లలు సయితము చేయగలరు. ఇంత సులభమైన పరీక్షయొక్క ఫలితము ఏ వీధిగోడపైనను ప్రకటింపబడకుండుట వింత గాదా?

రెండవది పారిశుద్ధ్యము. భూగర్భ మురుగు కాలువలు లేని వీధులలో ఇంటింటికి ఒక సెప్టికు గుంట యుండును. వరదలో గుంట నిండి పొర్లును. దానిలోనిది వీధిలోని నీటితో కలియును. ఈ జిల్లా నేల క్రింద నల్లరాయి, నెఱియలతో కూడిన రాయి. ఇసుకనేల నీటిని వడగట్టును. నెఱియలుపడిన రాయి వడగట్టజాలదు. ఒక ఇంటి గుంటలోని మురుగు మఱియొక ఇంటి గొట్టపుబావిలోనికి తిన్నగా పోవుటకు ఇట్టినేల దారి ఇచ్చును. సహాయశిబిరములలో 30 మందికి ఒక మరుగుదొడ్డి యుండవలెనని, అది నీటి ఆధారమునకు కనీసము 30 మీటర్ల దూరమున ఉండవలెనని, స్త్రీలకు ప్రత్యేకముగా ఏర్పాటు చేయవలెనని, త్రాగుటకు మనిషికి దినమునకు 3 లీటర్లకు తగ్గకుండ నీరు ఈయవలెనని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నియమములు చేసినది. అవి కాగితముమీద బాగుగనే యున్నవి. ఐనను శిబిరమునకు వచ్చినవారికే ఈ నియమములు. తమ ఇండ్లను విడువలేక మేడమీదనో, తిన్నెమీదనో కాలక్షేపము చేయు కుటుంబముల సంగతి వీనిలో లేదు. వరదలో చిక్కినవారిలో హెచ్చుభాగము వీరే. తెల్లవారకముందో, చీకటి పడినపిదపనో గాని బయటకు పోలేని స్త్రీల కష్టము ఏ నష్టపరిహారపు పట్టికలోను చేరదు.

మూడవది చెత్త. వరద తీసిన పట్టణమున సామాన్యదినములలో పోగుపడు చెత్తకు ఎన్నో రెట్లు పోగుపడును. తడిసిన పరుపులు, చెడిన ధాన్యము, చచ్చిన పశువులు, దుకాణములలో పాడైన సరకులు, అన్నిటికి మించి బురద. దీనిని వీధినుండి తొలగించవలెననుట అందఱు నొప్పుకొందురు. ఎక్కడ వేయవలెనన్న ప్రశ్నను మాత్రము ఎవరును వేయరు. తొందరలో బండ్లు సమీపముననున్న పల్లపునేలకు పోవును. మన ఊళ్లలో సమీపముననున్న పల్లపునేల సాధారణముగా చెరువు అంచు, లేదా వాగు గట్టు. ఒక వరద మిగిల్చిన చెత్త ఈ విధముగా రాబోవు వరదకు పునాదియగుచున్నది. చెరువులు గొలుసుకట్టుగా ఒకదానినుండి ఒకదానికి నీరు పాఱునట్లు పూర్వులు నిర్మించిన సీమ యిది. ఏటేట పూడిక తీయుటకు ఊరివారే కుడిమరామత్తుచేయు ఆచారముండెను. గట్టు తెగు సమయమున ఊరివారిచే పని చేయించుటకు 1858లో మద్రాసు రాజధానికై చట్టముకూడ చేయబడినది. నిర్బంధపుచాకిరి మరల రావలెనని మేము కోరము. కాని చెరువును చెత్తదిబ్బగా గాక రక్షణకవచముగా చూచిన ఆనాటి బుద్ధి మాత్రము మనకు కావలెను.

వరదనుండి పాఠము నేర్చిన పట్టణములు లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీనది హైదరాబాదును ముంచివేసి వేలకొలది ప్రాణములను బలిగొన్నప్పుడు, నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వరదను అడ్డుటకు జలాశయములు కట్టుటతో ఆయన యోచన ఆగలేదు. నగరమునకు మురుగుకాలువల యేర్పాటుకూడ దానిలో చేరినది. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. అవి వరదను పట్టినవి, త్రాగునీరును ఇచ్చినవి. వరద, త్రాగునీరు, మురుగు మూడును ఒకే ప్రశ్నయని ఆ మహనీయుడు గ్రహించెను. 2014 అక్టోబరు 12వ తేదిన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినప్పుడు విద్యుత్తు లేక నీటియంత్రములు నిలిచిపోయినవి; ఆయిలు యంత్రములున్నచోట నీరు ముందుగా వచ్చినది. 2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలను ముంచినప్పుడు ఇతర పురపాలక సంఘములనుండి పారిశుద్ధ్యపు పనివారిని రప్పించిరి. అగ్నిమాపక శకటములతో వీధులను, ఇండ్లను సయితము కడిగించిరి. నిప్పునార్పు బండి బురదను కడుగుటకు పనికివచ్చునని అచ్చట తెలిసినది. ఊత్తంగరై వంటి చిన్న పట్టణ పంచాయతికి అన్ని బండ్లు లేవు. కాని జిల్లాకంతకు కలిపి ఒక పట్టిక యుండినచో ఎక్కడిది ఎక్కడికి పంపవలెనో ముందే తెలియును.

ఉపేక్ష యొక్క ఫలితమును చూడదలచినవారు హైతీదేశమును చూడవలెను. 2010 జనవరిలో అచట మహాభూకంపము వచ్చినది. ఆ యేటి అక్టోబరులో, భూకంపమునకు దూరముననున్న ఆర్తిబొనీతు నదీప్రాంతమున కలరా పుట్టినది. దానిని తెచ్చినది భూకంపము కాదు. ఐక్యరాజ్యసమితి శాంతిసైన్యపు శిబిరమునుండి మలము సరియైన రక్షణ లేక ఒక ఉపనదిలో కలియుటయే కారణమని తేలినది. కొన్ని సంవత్సరములలో సుమారు 10,000 మంది మరణించిరి. 2016లో సమితి ప్రధాన కార్యదర్శి ఆ దేశప్రజలను క్షమింపుమని కోరెను. సహాయముచేయ వచ్చినవారి మరుగుదొడ్డియే వేల ప్రాణములు తీసినదనుట కంటె ఈ విషయముయొక్క గురుత్వమును తెలుపు దృష్టాంతము మఱియొకటి యుండబోదు.

ఇక ధర్మశాస్త్రమును, అనగా చట్టమును చూతము. వరదబాధితునకు నీరిచ్చుట దయాధర్మమని పలువురు తలంచుచున్నారు. అది పొరపాటు. 1939లో మద్రాసు శాసనసభ చేసిన ప్రజారోగ్య చట్టము ఈ దేశమున ఆ విధమైన చట్టములలో మొదటిది. తమిళనాడునందు నేటికిని అది యమలులో నున్నది. ప్రజలకు త్రాగునీరు సమకూర్చుట స్థానికసంస్థల విధియని అది నిర్దేశించినది. 2005నాటి విపత్తు నిర్వహణ చట్టము 12వ విభాగము, బాధితులకు కల్పింపవలసిన కనీస సౌకర్యములలో త్రాగునీటిని, పారిశుద్ధ్యమును పేర్కొన్నది. 31వ విభాగము ప్రతి జిల్లాకును విపత్తు ప్రణాళిక యుండవలెనని, దానిని ఏటేట సరిచూడవలెనని చెప్పుచున్నది. నిర్మలమైన నీరు జీవించు హక్కులో భాగమని సుప్రీముకోర్టు 1991లో సుభాష్ కుమార్ వ్యాజ్యమున నిర్ణయించినది.

“సొమ్ము లేదు” అను సమాధానమునకుకూడ ఉత్తరము 1980లోనే వచ్చినది. మధ్యప్రదేశములోని రత్లాము పురపాలక సంఘము మురుగుకాలువలు కట్టక, తన బొక్కసము వట్టిదని చెప్పుకొన్నది. జస్టిసు కృష్ణయ్యరుగారు ఆ వాదమును త్రోసివేసి, ప్రజారోగ్యమును కాపాడు విధినుండి ధనాభావము సంఘమును విముక్తము చేయజాలదని తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యమునకు మూలము ఒక వీధివాసులు మేజిస్ట్రేటునకు పెట్టుకొన్న అర్జీ. అప్పటి క్రిమినలు ప్రొసీజరు కోడు 133వ విభాగము, 2024 జూలై 1వ తేదినుండి యమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ విభాగముగ నిలిచియున్నది. పదునైదు దినములైనను తమ వీధి మురుగు తొలగనివారు ఈ మార్గమును మఱవరాదని మనవి.

“ఇట్టి వాన పూర్వమెన్నడును కురియలేదు” అని అధికారులు చెప్పుదురు. నిజమే, 50 సెంటీమీటర్ల వానకు తగిన కాలువ ఏ పట్టణమునను లేదు. వాన యొక్క గొప్పతనము మొదటి దినపు మునకకు సమాధానము కావచ్చును. పదియవ దినమున కుళాయిలో మురుగునీరు వచ్చుటకు సమాధానము కాజాలదు. ఈ భేదమును పాటింపక, ఆకాశముమీద నెపమువేసి అంతయు సరిపెట్టుకొనుట న్యాయము కాదు.

ధనము సంగతి కూడ కొంచెము విచారింపవలెను. ఫెంగల్ నష్టమునకు తాత్కాలిక సహాయముగా 2,000 కోట్ల రూపాయలను రాష్ట్రప్రభుత్వము కోరగా, కేంద్రము 2024 డిశంబరు 6వ తేదిన 944.80 కోట్లను విడుదలచేసినది. అది రాష్ట్ర విపత్తు నిధికి ఆ సంవత్సరమున కేంద్రము ఈయవలసిన వాటా యొక్క రెండు విడతలు. ఎవరు ఎంత ఇచ్చిరన్న వాగ్వాదము పత్రికల నిండ వ్యాపించినది. మా ప్రశ్న వేఱు. 2021 మొదలు 2026 వఱకు గల అయిదేండ్లకు పదునైదవ ఆర్థిక సంఘము చేసిన ఏర్పాటులో మొత్తము నిధిలో 40 పాళ్లు తక్షణ సహాయమునకు, 30 పాళ్లు పునర్నిర్మాణమునకు, 10 పాళ్లు సన్నాహమునకు, 20 పాళ్లు ఆపదను ముందుగా తగ్గించు పనులకు నిర్ణయింపబడినవి. బియ్యపు సంచులకు, నగదు పంపకమునకు ఛాయాచిత్రములు వచ్చును. భూమిలో పాతిన గొట్టమునకు ఛాయాచిత్రము రాదు. కావున ఏ పట్టణమున నీటియంత్రములకును, గొట్టములకును, మురుగుకాలువలకును ఎంత వ్యయపఱచిరో పద్దులవారీగా ప్రకటింపుమని కోరుట పన్ను కట్టు ప్రజల హక్కు.

అధికారముయొక్క చీలిక మఱియొక చిక్కు. కావేరి నీటిని తెచ్చునది నీటిసరఫరా మురుగుపాఱుదల బోర్డు. దానిని ఇంటికి పంచునది హోసూరులో నగరపాలక సంస్థ, కృష్ణగిరిలో పురపాలక సంఘము, ఊత్తంగరైలో పట్టణ పంచాయతి, పల్లెలలో గ్రామ పంచాయతులు. యంత్రమునకు విద్యుత్తునిచ్చునది వేఱొకరు, చెరువు ఒక శాఖది, రోడ్డు ఒక శాఖది, రోగములు ఒక శాఖవి. తిలాపాపము తలా పిడికెడు అన్నట్లు తప్పు అందఱకును పంచబడి యెవ్వరికిని అంటకుండ పోవుచున్నది. జిల్లా విపత్తు సంస్థకు కలెక్టరుగారు అధ్యక్షులని చట్టము చెప్పినది. ఆయన క్రింద నీరు, మురుగు, చెత్త ఈ మూడింటికి మాత్రమే బాధ్యుడగు నొక అధికారి పేరు ముందే ప్రకటింపబడవలెను.

ఈ పనినంతయు తుదకు చేయువారెవరు? చీపురు పట్టుకొని బురదలో దిగు పారిశుద్ధ్యపు పనివారు. వీరిలో చాలమంది ఇండ్లును పల్లపు వీధులలోనే యుండును. తమ ఇల్లు మునిగియుండగా ఊరి ఇండ్లను కడుగుటకు పోవుదురు. ఎలుకల మూత్రమువలన వ్యాపించు లెప్టోస్పైరోసిసు వంటి జ్వరములు మొదట తగులునది వీరికే. 2013నాటి చట్టము మనిషిని రక్షణ లేకుండ మురుగుగుంటలలోనికి దింపుటను నిషేధించినది. వరద వచ్చినదన్న కారణమున ఆ నిషేధము సడలదు. బూట్లు, చేతితొడుగులు, మందులు, రెట్టింపు కూలి ఇచ్చుట వీరికి చేయు ఉపకారము కాదు, తీర్చవలసిన ఋణము.

హోసూరు ప్రాంతమునకు ప్రత్యేకముగా సంబంధించిన విషయములు రెండు గలవు. నందికొండల చెంత పుట్టిన దక్షిణ పినాకిని బెంగుళూరు పరిసరముల మురుగును మోసికొని హోసూరు దగ్గఱ కెలవరపల్లి జలాశయము చేరుచున్నది. వాన హెచ్చి నీరు విడిచినప్పుడెల్ల తెల్లని నురుగు గుట్టలుగ పొంగుట అచటి రైతులు పలుమాఱులు చూచినదే. ఈ నది నీటిపంపకమును గూర్చి 1892నాటి మద్రాసు మైసూరు ఒడంబడికను పేర్కొని తమిళనాడు 2018లో సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసినది. ఎన్ని నీళ్లు రావలెనన్నది ఆ వివాదము. ఎట్టి నీళ్లు రావలెనన్నదికూడ అంత ముఖ్యము.

రెండవది భాష. ఈ సీమలో తెలుగువారును, కన్నడిగులును తరతరములుగా తమిళులతో కలిసి జీవించుచున్నారు. నీటిని కాచి త్రాగుడను ప్రకటన కార్యాలయపు గోడమీద ఒక్క భాషలో అంటించిన చాలదు. చదువురాని ముసలమ్మకు ఆమె మాటలో చెప్పవలెను. దండోరా వేయించినను సరే, బండిమీద యంత్రముపెట్టి చెప్పించినను సరే, మూడు భాషలలో చెప్పించుటకు అయ్యెడు ఖర్చు స్వల్పము. ఇందు భాషాభిమానపు తగవు లేదు. ఇది ప్రాణరక్షణకు సంబంధించిన పని.

కావున మేము కోరునది ఇంతే. ప్రతి నీటియంత్రపు స్థానమునను విద్యుత్తు పోయినప్పుడు నడచు ఆయిలు యంత్రము ఉండవలెను. వానకాలమునకు ముందే దానిని నడిపి చూడవలెను. వరద తీసిన మఱునాటినుండి ప్రతి వార్డునందును మిగులు క్లోరిను లెక్కను గోడమీద వ్రాయవలెను. చెత్తవేయు స్థలమును చెరువులకు, వాగులకు దూరముగా ముందే నిర్ణయించి కొలతలతో ప్రకటింపవలెను. గుంటలను తోడు యంత్రములు, నీటిబండ్లు జిల్లాలో ఎక్కడెక్కడ నున్నవో పట్టిక యుండవలెను. ఆపద తీరిన 90 దినములలో ఏ పని ఏనాడు పూర్తియైనదో, దేనికెంత వ్యయమైనదో నివేదిక ప్రజలముందుంచవలెను. వీనిలో ఏ ఒక్కటియు మహానిర్మాణము కాదు. ఏ ఒక్కదానికిని క్రొత్త చట్టము అక్కఱలేదు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట తెలివితక్కువయని మన పెద్దలు చెప్పిరి. ఊరు మునుగునప్పుడు మంచినీటికి వెదకుటయు అట్టిదే. 2024 డిశంబరులో ఊత్తంగరై వీధులలో నిలిచిన నీరు పోయినది. రాబోవు వాన కురియకమునుపే ఆ పట్టణపు పద్దులను, పట్టికలను, యంత్రములను చూపుడని కౌన్సిలరులను, అధికారులను అడుగుట హోసూరు కృష్ణగిరి పౌరులయొక్క పని. అడుగువారున్నప్పుడే చట్టము కాగితమునుండి వీధిలోనికి దిగును.